అప్పగింత నడక రద్దు

మార్చి 4, సోమవారం

కాగితం మిల్లు జనరల్ మేనేజరునైన నన్ను ఈ రోజు నుంచి 'పరివర్తన సారథి'గా కూడా నియమించారు. అదే కుర్చీ, అదే బల్ల, తలుపు మీద బోర్డు మాత్రం కొత్తది. మార్పు పైనుంచి కిందికి ప్రవహించాలని ఎం.డి. గారు సెలవిచ్చారు. వారి గది నాలుగో అంతస్తులో ఉంది కనుక ఇందుకు సాంకేతికంగా అభ్యంతరం లేదు.

ఇలాంటి సమయంలో సారథులు డైరీ రాసుకోవాలనీ, అందులోనైనా తమతో తాము నిజాయితీగా ఉండాలనీ సలహాదారు చెప్పాడు. ఈ సలహాదారును మిల్లులో అందరూ 'కోటు' అంటారు. ఆవిరి రోలర్ల పక్కన నిలబడినా కోటు విప్పడు. అతని మాట మన్నించి, ఈ పుస్తకంలో నిజాలు మాత్రమే రాయాలని తీర్మానించాను. హాజరు: ఒకరు. తీర్మానం ఏకగ్రీవం.

మార్చి 7, గురువారం

క్యాంటీన్ గోడకు పెద్ద పటం అంటించారు. మార్పు ఎదురైనప్పుడు మనిషి మనసు ఐదు మెట్లు ఎక్కుతుందట: నిరాకరణ, కోపం, బేరం, దిగులు, అంగీకారం. ప్రతి కార్మికుడూ తన టోకెను నంబరున్న పిన్నును తానున్న మెట్టు మీద గుచ్చాలి. సాయంత్రానికి నాలుగు వందల పన్నెండు పిన్నుల్లో నాలుగు వందల పదకొండు 'అంగీకారం' మీద ఉన్నాయి. మార్పు ఏమిటో మేమింకా ప్రకటించలేదు.

'దిగులు' మీదున్న ఒక్కటీ మా బావది. ఆరబెట్టే విభాగంలో మొదటి షిఫ్టు మేస్త్రీ. మా అక్క భర్త. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు. నన్ను ఈ మిల్లులో చేర్పించినవాడు.

"ఏం బావా, దేనికి దిగులు?" అని అడిగాను.

"దిగులేం లేదురా. అన్నీ ఒక్కచోటే గుచ్చితే ఆ పటం పెట్టినాయన చిన్నబుచ్చుకుంటాడని."

మార్చి 13, బుధవారం

కోటు ఈ రోజు స్టాప్‌వాచ్ పట్టుకుని ఆరబెట్టే విభాగంలో నిలబడ్డాడు. నేనూ ఉన్నాను.

అక్కడ ముప్ఫై ఎనిమిది ఆవిరి రోలర్లు ఉన్నాయి. తడి కాగితం వాటి మీదుగా పాకి పొడిగా బయటికి వస్తుంది. షిఫ్టు మారేటప్పుడు దిగిపోయే మేస్త్రీ ముందు, ఎక్కే మేస్త్రీ వెనక, ఒకటో రోలరు నుంచి ముప్ఫై ఎనిమిది దాకా నడుస్తారు. దీన్ని అప్పగింత నడక అంటారు. ఆ హోరులో మాట వినబడదు కనుక ఎవరూ మాట్లాడరు. ముందున్నవాడు ప్రతి రోలరు పక్కనా, ఇరుసు తిరిగే బేరింగు పెట్టె మీద చెయ్యి తగిలించి సాగిపోతాడు. వేడెక్కిందని అనుమానం ఉన్నచోట మాత్రం ఆగి, గ్లౌజు తీసి, అరచెయ్యి ఆనిస్తాడు. వెనకున్నవాడూ గ్లౌజు తీసి అక్కడే ఆనిస్తాడు. అంతే. ఇరవై నిమిషాలు.

ఈ మధ్యాహ్నం బావ ముందు నడిచాడు. వెనక రెండో షిఫ్టు మేస్త్రీ. ఇతని పేరు 'ఈల'. మిషన్ హోరులో తనకే వినబడని ఈల వేసుకుంటూ తిరుగుతాడు. పద్నాలుగేళ్ళుగా బావ వీపు చూస్తూ నడుస్తున్నాడు. అంతకు ముందు ఆ వీపు చూసింది నేను.

"ఒకే పనికి ఇద్దరు మేస్త్రీలు, రోజుకు మూడుసార్లు," అన్నాడు కోటు. "పైగా ఎక్కడా రికార్డు లేదు. వీళ్ళు ఏం అప్పగించుకుంటున్నారండీ?"

నాకు తెలుసు. చెప్పడానికి సరైన పరిభాష దొరకలేదు.

మార్చి 26, మంగళవారం

అప్పగింత నడక ఒకటో తేదీ నుంచి రద్దు. దాని స్థానంలో ట్యాబ్. దిగిపోయే మేస్త్రీ ప్రతి రోలరుకూ ఒక బటన్ నొక్కాలి. బటన్లు రెండు: 'బాగుంది', 'ఆపాలి'. రెండోది నొక్కితే మిషన్ మొత్తం నాలుగు గంటలు ఆగుతుంది, ఆ సంగతి వెంటనే ఎం.డి. గారి తెర మీద ఎర్రగా కనబడుతుంది.

శిక్షణ తరగతిలో బావ చెయ్యెత్తాడు. "రెండేనాండీ?"

"రెండే. స్పష్టత కోసం," అన్నాడు కోటు.

"కాస్త వేడిగా ఉంది, ఇప్పుడే ఆపక్కర్లేదు, ఓ కన్నేసి ఉంచు. ఇది ఎక్కడ నొక్కాలండీ?"

"అది సమాచారం కాదండీ. అభిప్రాయం."

వెనక బెంచీ నుంచి ఈల అందుకున్నాడు. "మా ఇంట్లో కూడా రెండే బటన్లండీ. మా ఆవిడే పెట్టింది. ఒకటి నొక్కితే అన్నం, రెండోది నొక్కితే ఉపవాసం. పదిహేనేళ్ళుగా నూరు శాతం 'బాగుంది'."

తరగతి అంతా నవ్వింది. కోటు కూడా నవ్వి, దీన్ని 'సానుకూల స్పందన' కింద రాసుకున్నాడు.

ఏప్రిల్ 1, సోమవారం

మొదటి రోజు. నూరు శాతం 'బాగుంది'.

ఏప్రిల్ 9, మంగళవారం

నడక ఆగలేదు. ఈల ఇరవై నిమిషాలు ముందుగా వస్తున్నాడు, బావ హాజరు ముగించాక ఆగుతున్నాడు, ఇద్దరూ నడుస్తున్నారు. మూడు షిఫ్టుల్లోనూ ఇదే తంతు. ఎవరూ చేయమనలేదు. ఎవరూ జీతం అడగలేదు.

"జీతం లేకుండా చేస్తున్నారంటే ప్రతిఘటన ఎంత లోతుగా పాతుకుందో చూడండి," అన్నాడు కోటు. ఎం.డి. గారు నా వైపు చూశారు. సారథికి బంధుప్రీతి ఉండకూడదని పరోక్షంగా సెలవిచ్చారు. పరోక్షమని నేను రాసుకుంటున్నాను. గదిలో ఉన్న తొమ్మిదిమందికీ సూటిగానే వినబడి ఉంటుంది.

ఏప్రిల్ 12, శుక్రవారం

సమస్యను నేనే స్వయంగా పరిష్కరించాను. మేస్త్రీలు వెళ్ళడానికి ఒక గేటు, రావడానికి ఇంకో గేటు. వెళ్ళేవారి కార్డు సరిగ్గా రెండు గంటలకల్లా చెల్లకుండా పోతుంది. వచ్చేవారి గేటు రెండు గంటల ఐదు నిమిషాలకు గానీ తెరుచుకోదు. ఫోన్లు ఎటూ షిఫ్టు సాగినంతసేపూ గేటు దగ్గరి పెట్టెలోనే ఉంటాయి. మధ్య ఐదు నిమిషాలూ మిషన్ను కంట్రోలు గదిలోని తెర చూసుకుంటుంది.

కోటు నా భుజం తట్టాడు. ఇంత శుభ్రమైన పరిష్కారం తన పుస్తకాల్లో కూడా లేదన్నాడు. ఆ పూట నాకు చాలా సంతోషం కలిగింది. నిజాలు మాత్రమే రాయాలన్నది తీర్మానం కనుక రాస్తున్నాను.

ఏప్రిల్ 15, సోమవారం

రెండు గేట్ల మధ్య ఇనుప జాలీ ఉంది. బావ ఇటువైపు నుంచి వేళ్ళతో అంకెలు చూపిస్తున్నాడు: రెండు, తర్వాత మూడు. అటువైపు ఈల అర్థమైందని తలూపుతున్నాడు. సెక్యూరిటీవాళ్ళు ఫొటో తీసి పంపారు.

ఏప్రిల్ 16, మంగళవారం

జాలీకి గుడ్డ కట్టించాను. దాని మీద 'మార్పే మన బలం' అని రాయించాను. గాలికి నిలుస్తుంది.

ఏప్రిల్ 21, ఆదివారం

అక్క వాళ్ళింటికి వెళ్ళాను, ప్రతి ఆదివారంలాగే. అక్క టీ పెట్టడానికి లోపలికి వెళ్ళగానే బావ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఇరవై మూడు సంగతేం చేద్దాం?"

"ఆదివారం కూడా రోలర్లేనా బావా?"

"మొన్నటిదాకా ఐదు లెక్కపెట్టేదాకా చెయ్యి ఉంచగలిగేవాణ్ణి. నిన్న మూడుకే తీసేశాను. ఇంకా ఆపే పరిస్థితి రాలేదు. కానీ ఎవడో ఒకడు గంటకోసారి ముట్టుకుని చూడాలి. ఆ మాట ఈలతో చెప్పే దారి లేకుండా గుడ్డ కట్టించావు."

"ఆపితే నాలుగు గంటలు. మూడు వారాల నుంచి నూరు శాతం నడుస్తోంది బావా. గురువారం బోర్డువాళ్ళు వస్తున్నారు."

"సరే, ఏం నొక్కమంటావో చెప్పు."

"బాగుంది అని నొక్కు. శుక్రవారం పొద్దున్నే మరమ్మతు పెట్టిస్తాను."

బావ నా మొహంలోకి చూశాడు. "ఇది మా బావమరిది చెప్తున్నాడా, సారథి గారు చెప్తున్నారా?"

"ఇద్దరం కలిసే చెప్తున్నాం."

"అయితే నొక్కుతా," అని నవ్వాడు. అక్క టీ తెచ్చింది. పంచదార తక్కువైంది. ఎవరూ ఆ మాట అనలేదు.

ఏప్రిల్ 24, బుధవారం

రేపటి కోసం కార్యక్రమం రెండుసార్లు చేసి చూసుకున్నాం. పూలకుండీలు అద్దెవి.

ఏప్రిల్ 25, గురువారం

మధ్యాహ్నం రెండు గంటల పదకొండు నిమిషాలకు ప్రమాదం. ఈల చనిపోయాడు.

ఏప్రిల్ 26, శుక్రవారం

ఇరవై మూడో రోలరుకు ఈ రోజు మరమ్మతు జరగవలసి ఉంది.

జరిగినది జరిగినట్లు. రెండు గంటల ఐదు నిమిషాలకు ఈల లోపలికి వచ్చాడు. ట్యాబ్ తీసి చూశాడు. ముప్ఫై ఎనిమిది 'బాగుంది'లు, ఒంటిగంట యాభై రెండుకు బావ నొక్కినవి. అయినా రోలర్ల వెంట నడిచాడు. ఇరవై మూడో రోలరు బేరింగు పెట్టె మీద ఒక గ్లౌజు ఉంది. బావది. కుడిచేతిది. ఈల తన గ్లౌజు తీసి, అక్కడ అరచెయ్యి ఆనించాడు. అప్పుడే బేరింగు పట్టేసింది, ఇరుసు విరిగింది, ఆవిరి గొట్టం అతని మీదికి ఊడిపడింది.

ఆ సమయంలో నేను పై హాలులో బోర్డువారికి నాలుగో స్లయిడు చూపిస్తున్నాను. దీపాలు ఒకసారి మినుకుమన్నాయి. ఆ స్లయిడు పేరు 'మనుషుల మీద ఆధారపడని భద్రత'. రెండుసార్లు సాధన చేశాం కనుక నేను ఆగలేదు.

ఏప్రిల్ 29, సోమవారం

అంతర్గత విచారణ సంఘం ఏర్పాటైంది. అధ్యక్షుడు: పరివర్తన సారథి. సభ్యుడు: కోటు. ఇంకో సభ్యుడు సెలవులో ఉన్నాడు.

ఆదివారం నాటి సంభాషణకు లిఖిత ఆధారమేదీ లేదని గమనించాను. ఈ డైరీ వ్యక్తిగతం కనుక ఆధారం కిందికి రాదు.

ఏప్రిల్ 30, మంగళవారం

కోటు గ్లౌజును పారదర్శకమైన సంచిలో పెట్టి తెచ్చాడు. తిరిగే యంత్రం మీద పరాయి వస్తువు వదిలివేయడం నిబంధనలకు విరుద్ధమన్నాడు. నిబంధన ఉంది. నేనే రాశాను, ఏడేళ్ళ కిందట. గ్లౌజు బేరింగు పెట్టె మీదే చెక్కుచెదరకుండా దొరికిందని నేనన్నాను. దారపు పోగు ఒకటి లోపలికి పోయి ఉండవచ్చునని అతనన్నాడు. ఉండవచ్చును అన్నది వ్యాకరణపరంగా నిర్దోషమైన మాట.

దీని ప్రకారమైతే బావ ఉద్యోగం పోతుంది, ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసూ పోతుంది, నిర్లక్ష్యపు కేసు అతని పేరు మీద నడుస్తుంది. దీని ప్రకారం కాకపోతే ఎవరి పేరు మీద నడుస్తుందో నేను ఇక్కడ రాయనవసరం లేదు.

మే 3, శుక్రవారం

బావ వాంగ్మూలం. గడ్డం గీసుకుని వచ్చాడు. మెడ మీద ఒకచోట తెగింది. నన్ను 'సార్' అన్నాడు. ఇంతకు ముందు మిల్లులో సరదాకి అనేవాడు.

"గ్లౌజు అక్కడ ఎందుకు పెట్టారు?" అని కోటు అడిగాడు.

"నేను అక్కడ గ్లౌజు తీశానని వాడికి తెలియడానికండీ."

"అంటే?"

"అంటే నువ్వూ చెయ్యి పెట్టి చూడు అని. మమ్మల్ని కలవనివ్వడం లేదు కదండీ. మనిషి లేకపోతే గ్లౌజైనా చెప్తుందని పెట్టాను. వాడు చూశాడు. వచ్చి చెయ్యి పెట్టాడు." కుడి అరచెయ్యి బల్ల మీద బోర్లా పెట్టాడు. "పిలిచింది నేనేనండీ. రాకపోతే అటువైపుగా ఈల వేసుకుంటూ వెళ్ళిపోయేవాడు."

"వేడిగా ఉందని తెలిసి కూడా 'బాగుంది' అని ఎందుకు నొక్కారు? ఎవరైనా చెప్పారా?"

బావ నా వైపు చూశాడు. ఎక్కువసేపు కాదు. బాగున్న రోలరు మీద చెయ్యి తగిలించి పోయేంతసేపు.

"ఎవరూ చెప్పలేదండీ. రెండే ఉన్నాయి. ఒకటి నొక్కాను."

ఎవరూ చెప్పలేదు, అని నేను స్వహస్తాలతో నమోదు చేశాను. చేతిరాత స్పష్టంగా ఉంది.

మే 5, ఆదివారం

అక్క వాళ్ళింటికి వెళ్ళలేదు. కారణం: పని ఒత్తిడి.

మే 8, బుధవారం

క్యాంటీన్ పటం మీద ఈల పిన్ను ఎవరూ తీయలేదు. 'అంగీకారం' మీదే ఉంది.

మే 12, ఆదివారం

వెళ్ళలేదు. అక్కే వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. సంచి చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"మీ బావ అన్నం దగ్గర కూర్చుని కుడిచెయ్యి చూసుకుంటున్నాడురా. తినడం లేదు. స్పూను ఇచ్చాను."

"డాక్టరుకి చూపిద్దాం అక్కా."

"చెయ్యి బానే ఉంది." సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "ఆ ఆదివారం నేను టీ పెట్టడానికి వెళ్ళి, పంచదార డబ్బా కోసం వెనక్కి వచ్చాను. గుమ్మంలో ఉన్నాను. 'ఇద్దరం కలిసే చెప్తున్నాం' అన్నావు చూడు, అదీ విన్నాను. డబ్బా తీసుకోకుండానే వెళ్ళిపోయాను."

ఆ వాంగ్మూలంలో ఎవరూ చెప్పలేదనే ఉందనీ, అది బావ అన్న మాటేననీ, ఒకసారి నమోదయ్యాక సవరించే విధానం లేదనీ వివరించాను.

"విధానం సంగతి నాకు తెలీదు. నాకు తెలిసింది నువ్వే. పదో తరగతి తప్పి గోడ దూకి పారిపోతే ఎక్కడ దాక్కున్నావో కనిపెట్టినదాన్ని." గొంతు పెంచలేదు. "ఆయన నీ పేరు చెప్పడు. నన్నూ చెప్పొద్దన్నాడు, ఒట్టు పెట్టించుకున్నాడు. 'వాడే చెప్తాడులే, టైము ఇవ్వు' అంటున్నాడు. అందుకే అడగడానికి రాలేదు. చూసి పోదామని వచ్చాను."

చూసింది. వెళ్ళిపోయింది.

మే 13, సోమవారం

నిన్న రాసినదాన్ని చదువుకున్నాను. అక్కను భావోద్వేగ ధోరణిలో చిత్రించినట్లుంది. వాస్తవానికి ఆమె చాలా మామూలుగా మాట్లాడింది.

మే 15, బుధవారం

ఈ రోజు రెండో నివేదిక తయారు చేశాను. ఒకే పేజీ. నడకను రద్దు చేసింది నేను. గేట్లు నావి, గుడ్డ నాది, ఆదివారం మాట నాది. ఐదు వాక్యాలకు మించలేదు. ఇంత సంక్షిప్తమైన నివేదిక నా సర్వీసులో ఇంకోటి లేదు. అడుగున సంతకం పెట్టి సొరుగులో ఉంచాను. రేపు ఇస్తాను.

మే 16, గురువారం

ఎం.డి. గారు పిలిచారు. విచారణ నివేదిక ముసాయిదా బాగుందన్నారు. మార్పు సమయంలో నాయకుడు కఠిన నిర్ణయాలకు వెనుకాడడనడానికి, సొంత బావను కూడా ఉపేక్షించని నేనే నిదర్శనమన్నారు. బోర్డు చలించిందట. నా చెయ్యి జేబులోని కాగితం మీద ఉంది. వారు ఇంకా ఏదో చెబుతున్నారు కనుక మధ్యలో అడ్డు రావడం మర్యాద కాదనిపించింది. వారు ముగించేసరికి మధ్యాహ్న భోజనం వేళయింది.

మే 17, శుక్రవారం

తుది ఆమోదం ట్యాబ్ మీద. బటన్లు రెండు: 'ఆమోదిస్తున్నాను', 'తిరస్కరిస్తున్నాను'. చాలాసేపు తెర చూస్తూ కూర్చున్నాను. తెర రెండుసార్లు దానంతటదే ఆరిపోయింది, రెండుసార్లూ నేనే వెలిగించాను.

మళ్ళీ సొరుగులోకి చేరిన పేజీని చింపాను. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. మంచి కాగితం. మనదే.

మే 20, సోమవారం

ఉద్యోగం నుంచి తొలగింపు ఉత్తర్వు బావకు అందింది. అందినట్లు సంతకం ఉంది. ఎడమచేత్తో పెట్టినట్లుంది.

మే 26, ఆదివారం

వెళ్ళలేదు.

జూన్ 3, సోమవారం

మిగిలిన నాలుగు మిల్లుల్లోనూ పరివర్తన నా సారథ్యంలోనే జరుగుతుంది. రేపటి నుంచి ప్రధాన కార్యాలయం. వీడ్కోలు సభలో కోటు కొత్త ట్యాబ్‌ను ఆవిష్కరించాడు. ఇందులో మూడో బటన్ ఉంది: 'గమనించాలి'. సూచించినవారి గడిలో నా పేరు వేశారు. చప్పట్లు కొట్టారు. నేను లేచి నమస్కరించాను.

రెండు గంటలు కావస్తుండగా చేయడానికి పనేమీ లేక ఆరబెట్టే విభాగంలోకి వెళ్ళాను. మొదటి షిఫ్టు మేస్త్రీ ట్యాబ్ నొక్కేసి అప్పటికే గేటు వైపు వెళ్ళిపోయాడు. రెండో షిఫ్టు మేస్త్రీ ఇంకా గేటు బయటే ఉన్నాడు. ఒకటో రోలరు దగ్గర మొదలుపెట్టాను. ఇరవై రెండేళ్ళ వయసులో నేర్చుకున్నది, కాళ్ళకు గుర్తుంది. చెయ్యి తగిలిస్తూ, సాగిపోతూ. ఇరవై మూడు దగ్గర కొత్త బేరింగు. చల్లగా ఉంది. ఆగకుండా దాటాను.

ముప్ఫై ఒకటి దగ్గర చెయ్యి దానంతటదే ఆగింది. వేడి ఉంది. ఆపవలసినంత వేడా, కన్నేసి ఉంచవలసినంత వేడా, లేక కుర్చీలో కూర్చుని కూర్చుని నా అరచెయ్యే మెత్తబడిందా, తేల్చుకోలేకపోయాను. బావ అయితే చెప్పేవాడు. ఈల అయినా చెప్పేవాడు. రెండు లెక్కపెట్టాను. మూడు లెక్కపెట్టాను. చెయ్యి తీయకుండానే, వెనకున్నవాడు చూశాడో లేదోనని తిరిగి చూశాను.

ఎవరూ లేరు. గేటు తెరుచుకోవడానికి ఇంకా మూడు నిమిషాలుంది.